గుహ ముందు మా అత్త

మా అత్త పోయిందని నాకు చెప్పింది మా నాయనే. ఆ రోజు నాయుడుపేట దగ్గర మా ఫ్యాక్టరీలో ఉన్నాను. జపాన్ నుంచి వచ్చిన ఇంజినీర్లకూ మనవాళ్ళకూ నడుమ కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేయడం నా ఉద్యోగం. నాయన పనివేళల్లో ఎప్పుడూ ఫోన్ చేయడు. బయటికి వచ్చి ఎత్తాను.

"పాపా, అక్క పోయిందిరా. నిద్దట్లోనే పోయిందంట. పొద్దున తలుపు తీయకపోతే పక్కింటోళ్ళు సూసినారు. నువ్వు నేరుగా చిత్తూరుకే రా. నేను బయల్దేరినా."

ఆయన గొంతు వెనక బస్టాండు రొద వినిపించింది. నిజం చెప్పాలంటే అత్త పోయిందన్న మాట కంటే ముందు ఆ రొదే నా చెవికెక్కింది. నాయన బయట ఉన్నాడు. ఒంటరిగా బస్టాండుకు వెళ్ళాడు. అమ్మ చనిపోయాక చాలాకాలం గది దాటి రాని మనిషి ఆయన. ఆయన్ని బయటికి తెచ్చింది మా అత్త. ఆమే పోయింది, ఇప్పుడు ఈయన మళ్ళీ లోపలికి పోతాడా? చిత్తూరు చేరేదాకా కిటికీకి ముఖం తిప్పుకుని ఏడుస్తూనే ఉన్నాను, ఈ ప్రశ్న మాత్రం పక్క సీట్లో కూర్చున్నట్టే ఉంది.

అత్త మా నాయనకు అక్క. చిత్తూరులో బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. మామ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. చామనఛాయ, గట్టి భుజాలు, ఏ రొదనైనా చీల్చుకుని వచ్చే గొంతు. ఎక్కడికి పోయినా అక్కడొక బస్సున్నట్టే ప్రవర్తించేది. పెళ్ళిభోజనాల దగ్గర వరస తప్పితే తనే లేచి సర్దేది. మా ఇంటికి చుట్టాలొస్తే అందరూ కూర్చున్నారా లేదా చూసుకునేదాకా తను కూర్చునేది కాదు. ఎవరైనా అదే పనిగా బాధపడుతుంటే, "ఏడువు, వద్దన్లా. అయితే దానికీ ఒక స్టాపు పెట్టుకో" అనేది. చాలామందికి ఆ మాట కటువుగా తోచేది. ఆమె మాత్రం మామ దినాలైన మర్నాడే డ్యూటీ ఎక్కిన మనిషి.

తిరుపతిలో మా నాయనకు పటాలు కట్టే అంగడి ఉంది. కొండకు వచ్చినవాళ్ళు కొన్న దేవుడి బొమ్మలకు అద్దం కోసి, చట్రం బిగించి ఇస్తాడు. అమ్మ ఫొటోకు కూడా తనే పటం కట్టాడు. దాన్ని హాల్లో గోడకు తగిలించి, పక్క గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే పలికేవాడు. కానీ అంగడి తెరవలేదు, గడప దాటలేదు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగాడు, వాటివల్ల నిద్ర పట్టింది, అంతే.

అత్త ఒక సంచి పట్టుకుని, నాలుగు రోజులుండి పోతానని వచ్చింది. వచ్చిన రోజే గది తలుపు బాదింది.

"రేయ్! లాస్ట్ స్టాపు వచ్చేసింది, దిగు!"

"సరేక్కా" అన్నాడు నాయన లోపల్నుంచి.

దిగలేదు. మర్నాడు తిట్టింది. "పెండ్లాం పోయినోడు లోకంలో నువ్వొక్కడివేనా? కూతుర్ని చూడు, ఎట్ల ఎండిపోయిందో!" సరేక్కా. ఇంకోరోజు తలుపుకు ఆనుకుని కూర్చుని ఏడ్చింది. సరేక్కా. ఆ మూడక్షరాల కంటే గట్టి గడియ నేను చూడలేదు. నాలుగు రోజులుండి పోతానన్న మనిషి నెలల తరబడి ఉండిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నేను జపనీస్ పాఠం పైకి చదువుకుంటున్నాను. అత్త చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళేరుతోంది.

"ఏందే అది, మంత్రమా?"

"కథ అత్తా. వాళ్ళ సూర్యుడిది. వాళ్ళకు సూర్యుడు దేవత. అమతెరాసు అంటారు."

"సూర్యుడు ఆడమనిషా!" చాట కింద పెట్టింది. "అందుకేలే, ఒక్క పొద్దన్నా సెలవు లేకుండా లేస్తాది. చెప్పు, చెప్పు."

చెప్పాను. ఆ దేవతకు ఒక తమ్ముడు. ఒట్టి దుడుకు. వరిమళ్ళ గట్లు తెంచుతాడు, ఆమె బట్టలు నేయించే ఇంట్లో అఘాయిత్యం చేస్తాడు. ఆమె మనసు విరిగి ఒక రాతి గుహలోకి పోయి బండ అడ్డం పెట్టుకుంటుంది. లోకమంతా చీకటి. అక్కడిదాకా చెప్పేసరికి అత్త నా మోకాలు పట్టుకుంది.

"ఎట్ల తెచ్చినారు బయటికి?"

పాఠంలో మిగతా కథ లేదు, తర్వాతి పాఠంలో ఉంది, నేనింకా చదవలేదు. ఆ మాట చెబితే అత్త నన్ను చూసిన చూపు, టికెట్టు లేకుండా దొరికినవాణ్ణి చూసినట్టే ఉంది. "ముందు అది చదవకుండా ఏం సదువే నీది?"

తర్వాత మా కంపెనీ నన్ను శిక్షణకు జపాన్ పంపింది. మేం ఉన్నది క్యూషూ అనే దక్షిణపు దీవిలో. ఆ గుహ ఉందని చెప్పే చోటు, దాని ఎదుట కట్టిన గుడి కూడా ఆ దీవిలోనే, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో ఉన్నాయి. ఫోన్‌లో అత్తకు చెప్పాను.

"ఆడికి బస్సుందా?"

"ఉంది అత్తా."

"బస్సుంటే వస్తా."

వచ్చేసింది కూడా. చుట్టాలందరూ నోరెళ్ళబెట్టారు. తమ్ముణ్ణి ఆ స్థితిలో వదిలి విహారయాత్రలేమిటని కొందరు అన్నారు. నాయనకు అన్నం క్యారియర్ ఎదురింటివాళ్ళకు అప్పజెప్పి, తలుపు దగ్గర నిలబడి "జపానుకు పోయొస్తా రా" అంటే లోపల్నుంచి అదే "సరేక్కా" వచ్చిందట. "యాడికి అని కూడా అడగలేదే వాడు" అంది నాతో, విమానాశ్రయంలో కలవగానే మొదటి మాటగా.

ఆ గుడికి పోయే బస్సులో కండక్టరు లేడు. ఎక్కేటప్పుడు చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు డబ్బాలో చిల్లర వేయాలి. అత్తకు అది అన్యాయంగా తోచింది. "మనిషి లేకుండా డబ్బాకిచ్చేదేంది?" అని కాసేపు సణిగి, తర్వాత స్టాపుల్లో ముసలమ్మలు ఎక్కుతుంటే లేచి చెయ్యందించడం మొదలుపెట్టింది. "రామ్మా, నిదానం, నిదానం" అంటూ తెలుగులోనే. వాళ్ళు నడుం వంచి దండం పెట్టారు. ఈమె కూడా వంగింది. వాళ్ళు మళ్ళీ వంగారు. ఎవరు ముందు ఆపాలో తెలియక బస్సు నిండా వంగడాలే.

గుడి ముందు రెండు నిలువు స్తంభాలు, పైన అడ్డంగా దూలాలు. తోరీ అంటారు. అటూ ఇటూ గోడ లేదు, మూయడానికి తలుపు లేదు. అత్త దాని చుట్టూ తిరిగి వచ్చింది. "పక్కనుంచి కూడా పోవచ్చు కదే?" పోవచ్చు, కానీ ఎవరూ పోరన్నాను. లోపల దారికి నడుమ దేవుడు నడుస్తాడనీ, మనుషులు ఓరగా పోవాలనీ చెబితే మాత్రం వెంటనే ఒప్పుకుని నన్ను కూడా పక్కకు లాగింది.

నీళ్ళ తొట్టి దగ్గర పెద్ద పొరపాటే జరిగింది. అక్కడ గరిటెతో నీళ్ళు తీసుకుని ఎడమ చెయ్యి, తర్వాత కుడి చెయ్యి కడుక్కుని, నోరు పుక్కిలించి పక్కన ఉమ్మాలి. నేను వివరించేలోపే అత్త అరచెయ్యి దోసిలి చేసి మూడుసార్లు తాగి, తడిచెయ్యి నెత్తికి రాసుకుంది. తీర్థం అనుకుంది మరి. పక్కనున్న జపాన్ కుటుంబం నివ్వెరపోయి చూసింది. వాళ్ళ చిన్నపిల్ల మాత్రం అత్తను చూసి తనూ నీళ్ళు నెత్తికి రాసుకుంది. "చూడు, ఆ బిడ్డకు తెలుసు" అంది అత్త.

ఆ గుహ ఏటికి అవతలి గట్టున ఉంది. దానిలోకి ఎవరూ పోకూడదు. గుడి వెనక ఒక చోటి నుంచి దూరాన దండం పెట్టుకోవడమే, ఫొటో కూడా తీయకూడదు. తెల్లంగీ వేసుకున్న ముసలి పూజారి మమ్మల్ని తలలు వంచమని, తెల్ల కాగితాలు వేలాడే కర్రను మా మీద అటూ ఇటూ ఊపాడు. "వేపమండ తిప్పినట్లే ఉండాది" అని అత్త గుసగుసలాడింది. తర్వాత ఆయన చెయ్యి చాపి చూపించాడు.

అవతలి గట్టు నిండా చెట్లు. పచ్చగా, చిక్కగా, ఆకు మీద ఆకు.

"ఏదీ?"

"అదే అత్తా, ఆ చెట్ల వెనక."

"చెట్లే కదా కనపడేది?"

నాకూ చెట్లే కనిపించాయి. ఇంత దూరం తీసుకొచ్చి ఆకులు చూపించానే అని నాకు సిగ్గేసింది. అత్త మాత్రం కదలకుండా చాలాసేపు చూసింది. వెనకవాళ్ళకు దారి ఇవ్వాలని కూడా ఆమెకు గుర్తురాలేదు, అది ఆమె జీవితంలో మొదటిసారి అయ్యుండాలి. చివరికి, "దుఃఖంలో దాక్కున్న మనిషి చోటు ఇట్లే ఉండాల. ఊరోళ్ళందరికీ కనపడకూడదు" అంది.

పూజారి మిగతా కథ చెప్పాడు, నేను తెలుగు చేశాను. దేవుళ్ళందరూ ఏటి ఒడ్డున చేరి ఆలోచించారట. కోళ్ళను తెచ్చి కూయించారట. ఒక చెట్టుకు అద్దం కట్టారట. ఒక దేవత బోర్లించిన తొట్టె మీదెక్కి చిందులేస్తూ… ఇక్కడ నేను తడబడి, "నాట్యం చేసింది" అని ఊరుకున్నాను.

అత్త నా ముఖం చూసింది. "ఏదో మింగినావు. ఏం చేసింది?"

"బట్టలు జారిపోయేలా ఎగిరిందట. దేవుళ్ళందరూ పడీపడీ నవ్వారట."

"బండాట!" అత్త రెండు చేతులూ చరిచింది. "మన జాతర మాదిరే! అది చెప్పేదానికి సిగ్గేందే నీకు?"

బయట ఇంత నవ్వు ఎందుకని గుహలోని దేవత బండను కాస్త జరిపిందట. నీకంటే గొప్ప దేవత వచ్చింది, అందుకే సంబరం అన్నారట. తొంగి చూస్తే అద్దంలో తన వెలుగే కనిపించిందట. ఎవరా అని ఇంకాస్త ముందుకు రాగానే ఒక బలమైన దేవుడు చెయ్యి పట్టి లాగాడు, ఇంకో దేవుడు ఆమె వెనక గడ్డితాడు అడ్డంగా కట్టేశాడు. గుడి దూలానికి వేలాడే లావుపాటి గడ్డితాడును పూజారి చూపించాడు. ఇది ఆ తాడే అన్నాడు.

మేం ఏటి ఒడ్డుకు దిగాం. దేవుళ్ళు కూర్చుని ఆలోచించారనే చోటు అక్కడ ఉంది. పెద్ద రాతి చూరు, దాని కింద ఎటు చూసినా వచ్చినవాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చిన గులకరాళ్ళు. అత్త ఒక బండమీద కూర్చుంది. కాళ్ళ దగ్గర ఏరు గలగలా పారుతోంది.

"ఒకామె లోపల కూచ్చుంటే ఇంతమంది చేరి మీటింగు పెట్టుకున్నారు" అంది. "మనింట్లో నువ్వూ నేనే." ఏటి వైపే చూస్తూ, "మనం తప్పు చేసినాం పాపా. మన గంగమ్మ కథలో దాక్కునేదెవరు?"

తిరుపతివాళ్ళకు ఇది అడగాల్సిన ప్రశ్న కాదు. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషం కట్టి, బూతులు తిడుతూ వీధివీధీ వెతుకుతుంది. దొరవేషంలో వస్తే నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికి వస్తాడు. వాడి తల నరుకుతుంది. ఏటా జాతరలో మా వీధుల్లో మగవాళ్ళు చీరలు కట్టి, ఒళ్ళంతా బొగ్గో కుంకుమో పూసుకుని ఆడేది ఆ వెతుకులాటే.

"పాలెగాడు" అన్నాను.

"ఆ. నేను మీ నాయన్ని పాలెగాణ్ణి తరిమినట్లు తరిమినా. తలుపులు బాదినా, తిట్టినా. వాడేం తప్పు చేసినాడని? వాడు ఈయమ్మ మాదిరి దాక్కున్నాడు. తిడితే ఇంకా లోపలికి పోతాడు కానీ వస్తాడా?"

తర్వాత వంగి, చిన్న చిన్న రాళ్ళు ఏరి పేర్చింది. పడిపోయాయి. మళ్ళీ పేర్చింది. లేచేముందు నన్ను వెనక్కి పంపి పూజారిని ఒక మాట అడిగి రమ్మంది. ఆయమ్మ మళ్ళీ లోపలికి పోయిందా అని. ఆ ప్రశ్న ఎవరూ అడగరేమో, ఆయన నవ్వి, "తాడుంది కదా" అన్నాడు. అది చెబితే అత్త తల ఊపింది. తిరుగు ప్రయాణమంతా పెద్దగా మాట్లాడలేదు.

తిరుపతికి వచ్చాక తలుపు బాదడం మానేసింది. నాయన గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు కూనిరాగం తీసేది, అంతే. మే నెలలో జాతర చాటింపు వేశారు. దొరవేషం నాడు మధ్యాహ్నం నేను పనినుంచి వచ్చేసరికి హాలు నిండా వీధిలోని ఆడవాళ్ళు. నడుమ మా అత్త నాయన ప్యాంటు, తెల్లచొక్కా వేసుకుని, ఆయన పాత కళ్ళద్దాలు పెట్టుకుని, చెవిమీద పెన్సిలు, మెడలో కొలత టేపుతో నిలబడి ఉంది. కాటుకతో మీసం.

"ఇది దొరవేషమా అత్తా?"

"ఈ ఇంటికి దొర మా తమ్ముడే కదా" అని, ఎదురింటామె వైపు తిరిగింది. గొంతు మారిపోయింది. అచ్చం నాయన గొంతు. "ఏమ్మా, పటమా? అద్దం పలచందా, మందందా?" లేని అద్దం మీద ఉఫ్ అని ఊది, చొక్కా కొసతో తుడిచి, వెలుతురుకు ఎత్తిపట్టి ఒక కన్ను మూసింది. నాయన ఏళ్ళ తరబడి అంగట్లో చేసే పని అది. ఆడవాళ్ళు ఒకరిమీద ఒకరు పడి నవ్వారు. పెళ్ళిచూపుల్లో కూడా ఆయన పెళ్ళికూతుర్ని ఇట్లాగే వెలుతురుకు పట్టి చూశాడంది అత్త. ఇంకా నవ్వారు. ఆ మాటలో అమ్మ ఉంది. నేను గది తలుపు వైపు చూశాను. అత్త ఆగలేదు. "అన్నానికి రండి, అన్నానికి రండి" అని అమ్మ గొంతు, "వస్తా ఉండా, వస్తా ఉండా" అని నాయన గొంతు, రెండూ తనే.

గది తలుపు కొంచెం తెరుచుకుంది. సందులో నాయన ముఖం. ఎదురుగా తన చొక్కాలో, తన కళ్ళద్దాల్లో, తన మీసంతో తనే. ఎంతసేపు చూశాడో తెలియదు.

"పెన్సిలు ఆ చెవి కాదక్కా" అన్నాడు. "ఎడమ చెవి."

"ఎడమా? నేనెప్పుడూ కుడే చూసినా."

"కాదు. కుడిచేత్తో కోత పెడతా కదా, పెన్సిలు ఎడమే." చూపించడానికి గడప దాటి వచ్చాడు. అత్త చెవిమీది పెన్సిలు తీసి తన చెవిమీద పెట్టుకున్నాడు. అంతే, అత్త ఆయన ముంజెయ్యి గట్టిగా పట్టుకుంది. "వంకర మీసమోడా" అంటూ ఆయన భుజంమీద తల పెట్టింది. ఆయన నవ్వాడో ఏడ్చాడో, కాటుక మాత్రం ఆయన చొక్కాకు కూడా అంటింది.

మర్నాడు ఉదయం ఆయన స్నానానికి పోయి వచ్చేసరికి గదిలో ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు సూట్‌కేసులు విప్పుకుంటున్నారు.

"అక్కా! నా రూము!"

"బాడుగకిచ్చేసినా. పాపం, సదువుకునే బిడ్డలు, యాడా రూము దొరకలేదంట."

"మరి నేను?"

"హాల్లో పడుకో. తెల్లారి పాలోడికి తలుపు తీసేదానికి మనిషి కావాల."

అప్పుడు అర్థమైంది నాకు, తిరుగు ప్రయాణంలో అత్త ఎందుకు మాట్లాడలేదో. తాడు గురించి ఆలోచిస్తూ ఉంది.

నాయన పది రోజులు గొణిగాడు. పాలవాడికి తలుపు తీశాడు. పేపరువాడితో మాట కలిసింది. ఆ పిల్లలకు గోడకు అద్దం కావాలంటే కోయడానికి అంగడి తాళం వెతికాడు. ఆ తాళం మళ్ళీ గోడకెక్కలేదు. అత్త మాతోనే ఉండిపోయింది. ఇల్లు చూసుకోవాలని అప్పుడప్పుడు చిత్తూరు పోయి వచ్చేది. అలా పోయినప్పుడే ఇప్పుడు పోయింది.

కర్మలన్నీ నాయనే చేశాడు. అన్నీ అయ్యాక నిన్న తిరుపతికి వచ్చాం. తాళం తీస్తే ఇల్లంతా నిశ్శబ్దం. సెలవులని ఆ పిల్లలు ఊళ్ళకు వెళ్ళిపోయారు. గది ఖాళీగా ఉంది. నాయన చెప్పులు విడిచి నేరుగా ఆ గదిలోకి పోయాడు. తలుపు కిర్రుమంది. నేను వంటింట్లో నీళ్ళగ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పిలవాలా, ఊరుకోవాలా? పిలిస్తే ఏమని పిలవాలి?

లోపల ఏదో జరిపిన చప్పుడు. తర్వాత ఆయనే బయటికి వచ్చాడు. "పాపా, ఆ బిడ్డలు కిటికీ మూయకుండా పోయినారు. వానొస్తే పుస్తకాలన్నీ తడిసిపోవూ? ఫోన్ చేసి చెప్పు." చొక్కా సర్దుకుని, కాఫీ తాగొస్తానని వీధిలోకి వెళ్ళిపోయాడు.

పొద్దు గూకుతున్నా రాలేదు. గేటు దగ్గరికి పోయి చూశాను. వీధి చివర కాఫీ అంగడి ముందు నలుగురు చేరి ఉన్నారు. నాయన వాళ్ళకేదో చెబుతున్నాడు. చిన్నప్పుడు అత్త తనకు సైకిల్ నేర్పిన సంగతి. నేనెప్పుడూ వినలేదు. ఉన్నట్టుండి ఆయన వంగి, లేని సైకిల్ సీటును ఒక చేత్తో పట్టుకుని, వీధి వెంట పరుగెత్తడం మొదలుపెట్టాడు. "తొక్కరా తొక్కు! ఎనక్కి చూడొద్దు! పట్టుకోనే ఉండా!" అని అత్త గొంతుతో అరుస్తూ. జనం నవ్వుతున్నారు. కాస్త దూరం పోయాక ఆయన ఆ చెయ్యి మెల్లగా వదిలేసి, నిలబడి, ముందుకు పోతున్నదాన్నేదో చూస్తూ ఉండిపోయాడు.